ఫ్రిజ్జిచ్చి తెచ్చుకున్న మోత

ఊగుడు కుర్చీలు ఇటు లాక్కోండి. ఇంకాస్త దగ్గరికి, మోకాళ్లు తగిలినా ఫరవాలేదు. ఎదురింటివాళ్ల రేడియో ఇప్పట్లో ఆగేట్టు లేదు, నా గొంతు అంత దూరం రాదు. చెప్పబోయేది మోత గురించే గనుక ఒక్క ముక్క కూడా గాలికి పోకూడదు.

మన రెబోలో పేటలోనే ఎనెయిదా బర్రాసా అనే ఆవిడ ఉండేది. అరవై తొమ్మిదో, డెబ్బయ్యో, ఏడాది సరిగ్గా గుర్తులేదు గాని ఆ ఏడు మామిడిచెట్లు కొమ్మలు విరిగేట్టు కాశాయి, అది మాత్రం గుర్తుంది. అప్పటికి ఆమెకి ముప్ఫై నాలుగేళ్లు. పెళ్లాడినవాడు పనామా పోయి అక్కడే ఉండిపోయాడు. అతని కోసం ఆమె ఒక్కపూట పొయ్యి ఆర్పినట్టు ఎవరూ చూడలేదు. గుడ్డు కూరిన మొక్కజొన్న గారెలు, కర్రపెండలం బోండాలు వేయించి అమ్మేది. గారె నూనెలో పొంగగానే తీసి, అంచు చీల్చి, లోపల గుడ్డు కొట్టిపోసి, మళ్లీ నూనెలో వదలాలి. ఆ చీల్చడంలో ఆమె చెయ్యి ఎప్పుడూ తప్పేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం వీధికి అడ్డంగా తడికెలు కట్టి డాన్సు పందిరి వేసేవారు. లోపల ఒలింపో చారిస్ గారి పికో. అంటే ఏముంది, మనిషి నిలువెత్తు చెక్కపెట్టె, కడుపులో పెద్ద పెద్ద స్పీకర్లు, ముందు గుడ్డ మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న సంచిముక్కు కొంగ బొమ్మ. దాని పేరే ‘పెలికానో’. అది మోగితే మూడు వీధుల అవతల రేకు కప్పులు గలగలలాడేవి. ఒలింపో రికార్డుల మీది కాగితాలన్నీ గీకి పారేసేవాడు, ఆ పాట ఎవరిదో ఇంకో పికోవాడికి తెలియకూడదని. అతని దగ్గర దాపరికం అంత.

ఎనెయిదా బాణలి ఆ పందిరి గుమ్మం పక్కనే ఉండేది. లోపల జనం డాన్సులాడేవారు. ఆమె మాత్రం వేయిస్తూ వినేది. అడుగుమోత వచ్చినప్పుడల్లా, అదే ఆ బొడ్డు కింద తగిలే దెబ్బ, ఆమె కళ్లు మూసుకునేది. పాట ఏదైనా సరే, ఆ దెబ్బ గుండ్రంగా ఉందా, చీలిందా, ఆలస్యంగా వచ్చిందా అని పట్టించుకునేది. గారెలు కొనేవాళ్లు “ఏమ్మా, నిద్రపోతున్నావా, గుడ్డు మాడిపోతోంది!” అనేవాళ్లు. గుడ్డు ఏనాడూ మాడలేదు.

ఆమెకి ఒక్క కోరిక ఉండేది. ఇల్లు కాదు, బంగారం కాదు. తన సొంతానికి రెండు పెద్ద స్పీకర్లు. తనకి ఇష్టమైనప్పుడు, ఇష్టమైనంత గట్టిగా, ఎవరి గుమ్మం పక్కనా నిలబడకుండా వినడానికి.

ఒక ఆదివారం ఆమె గరిటె పక్కన పెట్టి లోపలికి వెళ్లి ఒలింపోతో చెప్పింది.

“ఎడమవైపు స్పీకరు కాగితం అంచు ఊడిపోతోంది. మోతలో బరబరమని వస్తోంది. ఇవాళ తగ్గించి పెట్టు, లేకపోతే చిరిగిపోద్ది.”

ఒలింపో తెల్లచొక్కా మనిషి, మీసం సన్నగా దువ్వుకునేవాడు. చుట్టూ ఉన్న మగాళ్లని చూసి నవ్వాడు. “విన్నారా? గారెలావిడ నా పెలికానోకి నాడి చూస్తోంది! అమ్మాయ్, నువ్వు బయట నూనె చూసుకో. పికో ముందు ఆడవాళ్లు డాన్స్ చెయ్యొచ్చు, తిండి అమ్ముకోవచ్చు. చెయ్యి మాత్రం వెయ్యకూడదు. ఆడదాని చెయ్యి పడితే పికో మూగబోద్ది.”

“నేను చెయ్యి ఎక్కడ వేశాను? చెవితో విన్నాను, అంతే.”

“ఆ చెవి కూడా బయటే పెట్టుకో.”

రెండు ఆదివారాలు గడిచాయి. మూడో ఆదివారం సరిగ్గా జనం నిండుగా ఉన్నప్పుడు ఎడమవైపు స్పీకరు పరపరా చిరిగి, పాట కాస్తా దగ్గుగా మారింది. జనం ఈలలు వేశారు. ఒలింపో బయటికి వచ్చి అందరి ముందూ వేలు చూపించాడు.

“ఇదిగో, ఈవిడే! నోరు పెట్టింది, దిష్టి పెట్టింది! తియ్యి నీ బాణలి. ఇక నా పందిరి దరిదాపుల్లో కనపడ్డావో!”

ఎనెయిదా మరిగే నూనె పక్కకి దించింది. చేతులు తుడుచుకుంది. “తీస్తాను” అంది. “దిష్టి పెట్టే అవసరం నాకేంటి? నీ పికోలో నాకు వినపడింది నీకు వినపడలేదు, అదీ నీ ఏడుపు. నా పికో నేనే తెచ్చుకుంటా.”

అబ్బో, ఆ నవ్వులు! ఈలలు వేసినవాళ్లే మళ్లీ పొట్టలు పట్టుకుని నవ్వారు. “దానికేం పేరు పెడతావమ్మా, బోండానా?” అని ఎవడో అరిచాడు. నూనె డబ్బాలోకి ఒంపి, పొయ్యి చల్లారాక, ఆమె బాణలి నెత్తిన పెట్టుకుని, పొయ్యి చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత నెలకి, కప్పు లేని సినిమా హాలు ఉండేది చూడండి, అలొండ్రా టాకీసు, అది మూసేస్తున్నారని తెలిసింది. వాన వస్తే ఆట ఆగిపోయే హాలు అది. యజమానురాలు సెనోబియా, పెద్దావిడని అందరూ దోన్యా అనేవారు, డెబ్బై ఏళ్లది, చుట్ట నోట్లోంచి తీయకుండానే మాట్లాడేది. కుర్చీలు ఒకరు కొన్నారు, తెర ఒకరు చింపుకుపోయారు. తెర వెనక గోడకి రెండు స్పీకర్లున్నాయి, ఒక్కొక్కటి పెద్ద పళ్లెమంత, అయస్కాంతం మోయాలంటే ఇద్దరు కావాలి. వాటిని ఒలింపో అడిగి ఉంచాడట, శనివారం వచ్చి తీసుకెళ్తానని.

ఎనెయిదా శుక్రవారం పొద్దున్నే వెళ్లింది.

“ఒలింపోకి మాటిచ్చావా, దోన్యా?”

“మాటివ్వలా. వస్తానన్నాడు, రమ్మన్నాను.” సెనోబియా పొగ వదిలింది. “నీకెందుకే అవి? గారెలు వేయిస్తావా వాటిలో?”

“వింటాను.”

ముసలావిడ చుట్ట ఈ చెంపనుంచి ఆ చెంపకి మార్చింది. “నాకు డబ్బు వద్దు” అంది. “డబ్బు చేతిలో ఉంటే మా అల్లుడు వాసన పట్టేస్తాడు. నేను ఇక్కడే అరుగు మీద కూర్చుని చింతపండు ఐసు అమ్ముకోవాలి. నీ ఇంట్లో ఫ్రిజ్జుందిగా?”

ఉంది. పేటలో ఆ వీధికంతా ఒకటే తెల్ల ఫ్రిజ్జు అది. ఆరేళ్లు గారెలు వేయించి కొన్నది. అందులోనే పిండి, చేపలు, పక్కింటి పాప మందు సీసా, ఎదురింటివాళ్ల బీర్లు.

“మధ్యాహ్నానికి తెస్తాను. స్పీకర్లు ఎవరికీ చూపించకు.”

“ఆ ఇనప పెట్టె కూడా తీసుకుపో, గాజు బుడ్లున్న ఆంప్లిఫయరు, దాంతోపాటు రికార్డులు తిప్పే యంత్రం. నాకు అడ్డం.”

ఫ్రిజ్జు గాడిదబండి ఎక్కుతుంటే వీధి వీధంతా బయటికొచ్చింది. పక్కింటి రోసిలియా తలుపు పట్టుకుని, “ఏమే, నీకు మతి పోయిందా? ఐసు ముక్క ఎక్కడ దొరుకుద్ది మాకు?” అంది.

“దోన్యా సెనోబియా అమ్ముద్ది. కొనుక్కో.”

“మరి నువ్వు? పిండి పులిసిపోదూ?”

“ఏ పూట పిండి ఆ పూట రుబ్బుకుంటా. మా అమ్మకి ఫ్రిజ్జుందా?”

అదే బండి తిరిగి వస్తూ స్పీకర్లు, ఆంప్లిఫయరు తెచ్చింది. దారిలో ఆకాశం నల్లబడింది. మన వీధులు వాన పడితే ఏరులై పారతాయి, బండిని, గాడిదని, మనిషిని కలిపి నదిదాకా లాక్కుపోతాయి. ఎనెయిదా బండి ఎక్కి, రెండు స్పీకర్ల మీద మైనపు గుడ్డ కప్పి, దాని మీద తను వాలిపోయింది. తొలి చినుకులు వీపు మీద పడుతుండగా ఇంటి మెట్టు ఎక్కారు. బండివాడు గాడిద సంగతి చూసుకోవడానికి పరిగెత్తాడు. ఆమె ఒక్కతే ఆ బరువులు లోపలికి ఎలా ఈడ్చిందో, ఇప్పటికీ నాకు అర్థం కాదు.

శనివారం ఒలింపో టాకీసుకి వెళ్లి చూస్తే గోడకి రెండు గుండ్రటి మరకలు మిగిలాయి, అరుగు మీద ఫ్రిజ్జు గుయ్యిమంటోంది. నేరుగా ఎనెయిదా గుమ్మానికి వచ్చాడు.

“అవి నావి.”

“ఏ గోడ మీద రాసుంది?”

“ఎంతిచ్చావో చెప్పు, అంతా ఇస్తా, పైన ఇంకా ఇస్తా.”

“ఫ్రిజ్జు ఇచ్చాను. అది కావాలంటే టాకీసుకి పో, ఐసు చల్లగా ఉంటుంది.”

అతని సన్నమీసం వణికింది. “సరే, ఉంచుకో. పెట్టె ఎవడు చేస్తాడో, వైరు ఎవడు కడతాడో చూస్తా. ఈ పేటలో ఏ వడ్రంగీ నీ పని ముట్టుకోడు.”

ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. ముగ్గురు వడ్రంగులు తల అడ్డంగా ఊపారు. పికోలన్నిటికీ వైర్లు కట్టే తెయోఫిలో అయితే కళ్లలోకి చూడలేక, “అక్కా, నాకు ఇంట్లో ఐదుగురున్నారు, ఒలింపో పని పోతే ఏం తింటారు?” అన్నాడు. అతనిది అబద్ధం కాదు.

అప్పుడు ఆమె శ్మశానం దారిలో శవపేటికలు చేసే ఎలియేసెర్ మేస్త్రీ దగ్గరికి వెళ్లింది. ఒలింపో అతనికి చెప్పలేదు, చెప్పాలని తట్టి ఉండదు.

“మేస్త్రీ, నాకొక పెట్టె కావాలి. గాలి చొరబడకూడదు.”

“నేను చేసేవన్నీ అలాంటివే.” మేస్త్రీ పెన్సిలు చెవి మీంచి తీశాడు. “మనిషి ఎత్తెంత?”

“నాకంటే ఒక జానెడు పొడుగు. ముందువైపు రెండు గుండ్రటి కన్నాలు.”

మేస్త్రీ పెన్సిలు ఆగిపోయింది. “పోయినాయన చూసుకోవడానికా?”

ఎనెయిదా నవ్వు ఆపుకోలేకపోయింది. సంగతంతా చెప్పింది. మేస్త్రీ చెక్కపొడి నిండిన చేతులతో తల గోక్కున్నాడు. “ముప్ఫై ఏళ్లుగా పెట్టెలు చేస్తున్నా, ఒక్కటీ నోరు విప్పలా. చేస్తానమ్మా. అది అరిస్తే నాకూ వినాలనుంది.” దేవదారు పలకలు కోసి, ప్రతి అతుకుకీ జిగురు పోసి, శవపేటిక గుబ్బలే నాలుగు మూలలా బిగించాడు. వచ్చే ఆదివారం మధ్యాహ్నానికి గాని పెట్టె అందదన్నాడు.

ఈలోగా ఎనెయిదా వంటింటి నేల మీద స్పీకర్లు పెట్టుకుని కూర్చుంది. వైరు కట్టడం ఎవరూ నేర్పలేదు. ముందు వాటికి ప్రాణముందో లేదో చూడాలి. టార్చిలైటు బ్యాటరీ తీసి, రెండు వైరుముక్కలతో స్పీకరుకి తాకించింది. కాగితం టుప్పున దూకింది. రెండోదానికి తాకించింది, అదీ దూకింది. ఆమె ప్రాణం కూడా దూకింది. తర్వాత ఆంప్లిఫయరుకి తగిలించి, ఒకసారి ఒకటి, తర్వాత ఇంకొకటి వాయించి చూసింది. ఏది మోగినా గిన్నెలు అటక మీంచి దొర్లిపడ్డాయి. గోడ అవతల నుంచి రోసిలియా అరిచింది: “అమ్మతల్లీ, భూకంపమా?” “కాదు, నా ఫ్రిజ్జు!” అంది ఎనెయిదా. రెండిటినీ కలిపి మాత్రం వాయించలేదు. పెట్టె రాలేదు కదా, రానీ, అప్పుడు చూద్దామనుకుంది.

ఆదివారం వచ్చింది. పెలికానో పందిరికి అరవై అడుగుల దూరంలో, వీధి మలుపులో, ఎనెయిదా తన పెట్టె నిలబెట్టింది. రెండు స్పీకర్లూ బిగించి వైర్లు కలిపింది. స్పీకర్ల వెనక ఎప్పుడో ఎర్రవైరు ఒకటి, నల్లవైరు ఒకటి ఉండేవట. ఉప్పుగాలికి, వానకి, ఎండకి అన్నీ ఒకే బూడిదరంగుకి వచ్చాయి. చేతికి ఎలా వస్తే అలా కలిపేసింది. జనం గుమిగూడారు. బొమ్మ లేదు, పేరు లేదు, ముందు ఒక పూలదుప్పటి వేలాడుతోంది, మూలల్లో శవపేటిక గుబ్బలు మెరుస్తున్నాయి.

“ఎవరు పోయారు? ఎత్తేదెప్పుడు?” అన్నారు మగాళ్లు.

ఎనెయిదా దగ్గర మంచి రికార్డు ఒకటుంది. కాంగో రేవునుంచి వచ్చిన ఓడమనిషి పన్నెండు గారెలకి బదులుగా ఇచ్చినది. ముల్లు దించింది.

గిటారు వచ్చింది. గొంతు వచ్చింది. అడుగుమోత రాలేదు.

ఎవరో డబ్బాలో గరిటె తిప్పుతున్నట్టు పలచగా, పీలగా ఉంది. ఆమె మోత పెంచింది. గిటారు మరీ గీపెట్టింది గాని కింద ఏమీ లేదు. జనం ముందు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు, తర్వాత ఇక చూడాలి ఆ కేరింతలు! తన పందిరి వదిలి ఒలింపో స్వయంగా వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

“చెప్పాను కదమ్మా. ఆడదాని చెయ్యి పడింది, మూగబోయింది. పాపం, సెనోబియా నీకు చచ్చిన స్పీకర్లు అంటగట్టింది. పోనీలే, శవపేటిక సిద్ధంగానే ఉంది. పాతవాటికి ఎంతిస్తారో అంత ఇస్తాను, ఇచ్చెయ్.”

రోసిలియా ఆమె చెయ్యి పట్టుకుంది. “ఇచ్చెయ్యవే, పరువు దక్కుద్ది.”

ఎనెయిదా చెయ్యి విడిపించుకుంది. ముఖం కాలిపోతోంది గాని బుర్ర మాత్రం చల్లగా పని చేస్తోంది. ఒక్కొక్కటి విడిగా మోగితే గిన్నెలు దొర్లాయి. రెండూ కలిస్తే మాయమైంది. చచ్చినవి రెండు కలిసినా బతకవు సరే, బతికున్నవి రెండు కలిసి ఎలా చస్తాయి? ఆమె పూలదుప్పటి పైకెత్తి, పాట మోగుతుండగానే ఒక అరచెయ్యి పై స్పీకరు మీద, ఒక అరచెయ్యి కింది స్పీకరు మీద ఆనించింది. కళ్లు మూసుకుంది.

“చూడండ్రా, ఒళ్లు పడుతోంది దానికి!” అన్నాడు ఒలింపో.

రెండూ అదురుతున్నాయి. రెండిటిలోనూ బలముంది. కానీ పైది తోస్తున్నప్పుడు కిందది పీలుస్తోందా? అంత వేగంలో చేతికి అనుమానం తగిలింది గాని ఖాయం కాలేదు. ఆమె ఆంప్లిఫయరు ఆపేసింది. వైర్లు ఊడదీసింది.

గుంపులోంచి తెయోఫిలో, “అక్కా, ముట్టుకోకు, కాలిపోద్ది!” అని కేక వేశాడు.

“ఆపే ఉంచాను తమ్ముడూ. ఎవరి దగ్గరైనా బ్యాటరీ ఉందా?”

మంచుగోళాలు అమ్మేవాడు తన రేడియోలోంచి ఒకటి తీసిచ్చాడు. ఆమె దాని రెండు కొసలకీ చెరో వైరుముక్క పెట్టి పై స్పీకరుకి తాకించింది. కాగితం టుప్పున ముందుకి, ఆమె ముఖం మీదికి దూకింది. బ్యాటరీ తిప్పకుండా, అలాగే పట్టుకుని, కింది స్పీకరుకి తాకించింది. అది టుప్పున లోపలికి పోయింది.

వంటింట్లో కూడా ఇలాగే దూకి ఉంటాయి. దూకాయా అని చూసింది గాని, ఎటు దూకాయో చూసుకోలేదు.

“సన్నాసిదాన్ని!” అని ఆమె తన నుదురు తనే కొట్టుకుంది. తర్వాత గుంపువైపు తిరిగింది. “చూశారా? ఒకటి ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. మంచం అటొకడు ఇటొకడు పట్టుకుని ఎదురూబొదురూ నెట్టుకుంటే, మంచం కదుల్తుందా? ఇది తోసిన గాలి అది మింగేస్తోంది. తప్పు స్పీకర్లది కాదు, సెనోబియాది కాదు. నాదే. దిద్దుకుంటాను, ఉండండి.”

కింది స్పీకరు వైర్లు రెండూ అటుది ఇటు, ఇటుది అటు మార్చి కట్టింది. ఆంప్లిఫయరు పెట్టింది. గాజుబుడ్లు ఎర్రబడేదాకా ఆగింది. మళ్లీ అదే రికార్డు, మళ్లీ మొదటినుంచి.

గిటారు వచ్చింది. గొంతు వచ్చింది. ఆ తర్వాత అడుగుమోత వచ్చింది చూడండీ, మంచుగోళాలవాడి గాజుసీసాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి! రోసిలియా “ఓలమ్మో” అని పొట్ట పట్టుకుంది. ఎలియేసెర్ మేస్త్రీ తన పెట్టె మీద చెవి ఆనించి నిలబడ్డాడు, ఆ మనిషికి కన్నీళ్లు. గుండ్రంగా, నిండుగా, ఎక్కడా చీలకుండా వస్తోంది మోత. ముందు ఎగతాళి చేసినవాళ్ల కాళ్లే ముందు కదిలాయి.

ఒలింపో పరిగెత్తుకుంటూ వెళ్లి పెలికానో గొంతు పెంచాడు. రెండు పాటలు గాలిలో గుద్దుకున్నాయి. పెలికానోకి అతికించిన ఎడమ స్పీకరు మళ్లీ బరబరమంది. అతని పందిరిలోంచి ఒకరూ ఇద్దరూ తడికె దాటి ఇవతలికి వచ్చారు, తర్వాత గుంపుగా వచ్చారు. రెండు పాటలు అయ్యేసరికి అతనూ వచ్చాడు. ఈసారి టోపీ చేతిలో ఉంది.

“ఎంతకిస్తావు?”

“ఇవ్వను.”

“రెండు ఫ్రిజ్జులిస్తా. కొత్తవి.”

“వాటిలో నీ కొంగకి చేపలు దాచిపెట్టు.”

“నీ పాత చోటు మళ్లీ నీకే. గుమ్మం పక్కనే. ఎవరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటా.”

ఎనెయిదా ముల్లు ఎత్తింది, అందరికీ వినపడాలని. “ఆ చోటు వీధిది ఒలింపో, నువ్వు ఇచ్చేదేంటి? నువ్వు తీసెయ్యడమేంటి? వచ్చే ఆదివారం అక్కడే వేయిస్తా. నా పికో పక్కన పెట్టుకుని వేయిస్తా. నీకు గారె కావాలంటే వరసలో నిలబడు.”

మళ్లీ ముల్లు దించింది.

పందిరి దరిదాపుల్లో కనపడొద్దన్న మాట ఒలింపో నిలబెట్టుకోవాలని చూశాడు, లేదనను. ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లాడు, పాదిరీ దగ్గరికి వెళ్లాడు, ఒక ఆదివారం వైరు కోయించాడని కూడా అంటారు. ఎనెయిదా ప్రతి ఆదివారం అక్కడే ఉంది. ఆ స్పీకర్ల కాగితం రెండుసార్లు మార్పించింది, పెట్టె ఒకసారి చెదపట్టింది, పెళ్లిళ్లకి అద్దెకిమ్మని అడిగారు, కార్తహేనా ఊరి నుంచి వచ్చి కొంటామన్నారు. ఇవ్వలేదు. మళ్లీ ఫ్రిజ్జు కొనుక్కోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ గోరువెచ్చని నీళ్లే తాగింది, ఒక్కసారి కూడా అయ్యో అనలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మూల మీద బీరు కొట్టు దగ్గర కూర్చునే ముసలాళ్లు ఈ కథ వేరేగా చెబుతున్నారు. ఆ రోజు వైర్లు తిప్పి కట్టమని చెప్పింది తెయోఫిలో అట, ఆవిడ పాపం చేతులు కట్టుకుని నిలబడిందట. తెయోఫిలో మంచివాడే, పోయేదాకా తను కాదనే చెప్పాడు, అయినా వాళ్లు వినరు. నేను పోతే వాళ్ల మాటే మిగులుతుంది. కాబట్టి మీరు గుర్తుపెట్టుకోండి. ఎక్కడ ఎవరింట్లో అడుగుమోత మోగినా, ఈ కథ ఎత్తండి. పేరు పూర్తిగా చెప్పండి, ఎనెయిదా బర్రాసా అని. బ్యాటరీ పట్టుకున్న చెయ్యి ఆమెదని, తప్పు చేసిన చెయ్యి కూడా ఆమెదేనని, దిద్దినది మళ్లీ అదే చెయ్యి అని చెప్పండి. ఎవరైనా కాదంటే గొంతు పెంచండి.